అభిప్రాయం మారడం అనుభవమా, అవసరమా?

అంబత్తూరువాసి | శనివారం, రాత్రి 10.15

గత ఆదివారం మా నాన్నగారి సంవత్సరీకం జరిగింది. భోజనాలు ముగిసి బంధువులు వెళ్లిపోయాక మా తమ్ముడు విస్తళ్లు ఎత్తుతూ, నా ముఖం కూడా చూడకుండా, "నాన్న పోయింది నిరుడు. ఆయన జెండాను నువ్వు దించేసి పదిహేనేళ్లయింది" అన్నాడు. అప్పుడు నేనేమీ అనలేదు. వారం రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు కనుక, చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లందరి ముందు పెడుతున్నాను.

మా తాత ఒంగోలు ప్రాంతం నుంచి కూలిపని కోసం మద్రాసు వచ్చాడు. నాన్న అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక ఫౌండ్రీలో, అంటే లోహం కరిగించి పోతపోసే ఫ్యాక్టరీలో, అచ్చులు చేసే మౌల్డరుగా పనిచేశాడు, ఎర్రజెండా యూనియన్‌లో ఇరవై రెండేళ్లు సభ్యుడిగా ఉన్నాడు. ప్రతి మే ఒకటో తేదీన మమ్మల్నిద్దరినీ మెరీనాలోని శ్రామిక విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి, 1923లో కార్మిక నాయకుడు సింగారవేలర్ మే డే జరిపి ఎర్రజెండా ఎగరేసింది ఈ ఊళ్లోనే అని చెప్పేవాడు.

1993లో జీతాల ఒప్పందం కుదరక ఆ ఫౌండ్రీలో సమ్మె మొదలై పద్దెనిమిది నెలలు నడిచింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, తమ్ముడికి ఎనిమిది. పని లేకపోయినా నాన్న రోజూ గేటు దగ్గరి శిబిరానికి వెళ్లేవాడు, అమ్మ రోజూ ఆరున్నరకల్లా ఆయన క్యారియర్ సర్దేది. అది మూడు గిన్నెల క్యారియర్. దీపావళి వచ్చేసరికి కింది గిన్నెలో చద్దన్నం, నడిమి గిన్నెలో పల్చటి మజ్జిగ ఉండేవి, పై గిన్నె ఖాళీ. ఆ ఖాళీ గిన్నెను తీసేయవచ్చు కదా అని నేనడిగితే, "నలుగురిలో విప్పేటప్పుడు రెండే ఉంటే బాగుండదురా" అంది.

ఫౌండ్రీ మళ్లీ తెరుచుకోలేదు. నాన్న అన్నానగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు రాత్రి కాపలాదారుగా చేరాడు. నేను పదో తరగతి తరువాత ఐటీఐలో టర్నర్ కోర్సు చేసి, పన్నెండేళ్లు ఇతరుల దగ్గర లేత్ మీద పనిచేసి, 2009లో అప్పుచేసి ఒక పాత లేత్ కొని సొంతంగా జాబ్ వర్క్ మొదలుపెట్టాను. సమ్మె జరిగితే ముందు పొయ్యి ఆరేది యజమాని ఇంట్లో కాదనీ, పని ఇచ్చేవాడు నిలబడితేనే పనిచేసేవాడు నిలబడతాడనీ నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకం ప్రకారమే ఓటు కూడా మార్చుకున్నాను. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి, అక్కడి యూనియన్‌లో ముఖ్యుడు. ఇద్దరం ఒకే తండ్రి బిడ్డలం, ఒకే ఆకలి చూశాం. కళ్లారా చూసినదాన్ని బట్టి మనిషి మారడం తప్పా? ఇంటి నమ్మకాన్ని వదలడం ద్రోహమవుతుందా?

మొగప్పేరు నివాసి | శనివారం, రాత్రి 10.52

బాధ్యతలు మీద పడ్డాక అందరూ మారతారు. ఇందులో ద్రోహమేమీ లేదు.

నెల్లూరు మూలాలు | శనివారం, రాత్రి 11.30

ఇంటి నమ్మకమే మనిషి నమ్మకం కావాలన్న వాదాన్ని మన చరిత్రే ఒప్పుకోదు. మా జిల్లా అలగానిపాడులో 1913లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఇదే ఊళ్లో లయోలా కళాశాలలో చదువుతూ స్వాతంత్ర్యోద్యమంలోకి దూకారు. ఆ తరువాత మద్రాసులో రహస్యంగా పనిచేస్తున్న అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు, పేరులోని కులసూచకాన్ని వదిలేశారు. ఆయన ఇల్లు ఆయనకు ఆ మార్గం నేర్పలేదు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిగారు కూడా కలిగిన ఇంటివారే, లయోలాలోనే చదివారు. ఆయన సోదరి కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డిగారి భార్య. అయినా 1952 ఎన్నికల్లో అనంతపురంలో బావమీద బావమరిది పోటీచేసి గెలిచారు. ఒకే కుటుంబం, రెండు జెండాలు. వారిలో ఎవరినీ ద్రోహి అని చరిత్ర అనలేదు. కనుక అంబత్తూరువాసిగారు నిద్ర పోగొట్టుకోవలసిన అవసరం లేదు.

గిండీ పెద్దాయన | ఆదివారం, ఉదయం 6.05

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు గిండీ పారిశ్రామికవాడలో లేత్ మీద నిలబడి పనిచేసినవాడిని. పెద్ద పెద్ద నాయకుల ఉదాహరణల జోలికి నేను పోను. అంబత్తూరువాసిగారిని ఒక్కటే అడుగుతాను. సమ్మె పద్దెనిమిది నెలలు నడిచిందని రాశారు. అది సమ్మెనా, లాకౌటా?

అంబత్తూరువాసి | ఆదివారం, ఉదయం 8.40

పెద్దవారు, మీ అనుభవానికి నమస్కారం. సమ్మెతో మొదలైంది. కొన్ని వారాల తరువాత యాజమాన్యం గేటుకు తాళం వేసింది. పేరు ఏదైనా మా ఇంట్లో పొయ్యి ఆరిన మాట ఒక్కటే కదా. నా ప్రశ్న దాని గురించి కాదు.

గిండీ పెద్దాయన | ఆదివారం, ఉదయం 9.20

మీ ప్రశ్న దాని గురించే. సమ్మె వల్ల ఇల్లు చెడిపోయిందని నమ్మారు కనుకే సమ్మె చేసే పార్టీని వదిలేశారు. తాళం వేసింది యజమాని అయితే మీ పాఠం తలకిందులవుతుంది. సమ్మె కొన్ని వారాలు, మిగిలిన పదహారు పదిహేడు నెలలు లాకౌట్ అని మీ మాటల్లోనే తేలింది. అయినా మీ జ్ఞాపకంలో పద్దెనిమిది నెలలూ సమ్మెగానే ఎందుకు మిగిలాయో ఆలోచించండి.

తెలియనివారి కోసం చెబుతున్నాను. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఆ రోజుల్లో వందమందికి తక్కువ కాకుండా కార్మికులున్న ఫ్యాక్టరీని మూసివేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మూసివేయదలచిన యజమాని అనుమతి అడిగితే లెక్కలు చూపాలి, కార్మికుల వాదన కూడా వింటారు, పరిహారం కట్టాలి. లాకౌట్ అంటే తాత్కాలికంగా తాళం వేయడమని చట్టంలో అర్థం. ఆ తాత్కాలికాన్ని ఏళ్లకు ఏళ్లు సాగదీస్తే, అనుమతీ పరిహారమూ లేకుండానే ఫ్యాక్టరీ చచ్చిపోతుంది, కార్మికులు విసిగి తలా ఒక దారి చూసుకుంటారు. 1990లలో ఈ చుట్టుపక్కల నేను చూసిన తాళాల్లో చాలా వాటి కథ ఇదే. మీ ఫౌండ్రీలో ఎంతమంది పనిచేసేవారు?

అంబత్తూరువాసి | ఆదివారం, ఉదయం 10.02

నూట నలభై మంది అని నాన్న అనేవాడు.

గిండీ పెద్దాయన | ఆదివారం, ఉదయం 10.10

అదే నేను చెప్పేది.

మొగప్పేరు నివాసి | ఆదివారం, ఉదయం 10.45

ముప్పై ఏళ్ల కిందటి తాళం గురించి ఇప్పుడెందుకు? అసలు విషయానికి రండి.

తాంబరం టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 12.30

అసలు విషయం పిల్లల వయసులో ఉందని నాకు తోస్తోంది. ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. తండ్రి ఉద్యోగం పోయినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇంటికి ఎవరెవరు వస్తున్నారో చూస్తాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు అప్పులవాళ్లను చూస్తాడు, తన చదువు ఏమవుతుందో లెక్క వేసుకుంటాడు. ఒకే ఆకలి అని మీరు రాశారు గానీ, అది మీ ఇద్దరికీ ఒకటి కాదు. తమ్ముడికి ఆ నెలల నుంచి ఏం గుర్తుందో ఎప్పుడైనా అడిగారా?

అంబత్తూరువాసి | ఆదివారం, మధ్యాహ్నం 1.15

అడగలేదు. వాడు చిన్నపిల్లవాడు, వాడికేం తెలుసని అనుకున్నాను.

విల్లివాక్కం గృహిణి | ఆదివారం, మధ్యాహ్నం 3.40

ఉదయం నుంచి చదువుతున్నాను. తండ్రి జెండా, తాత వలస, తమ్ముడి యూనియన్, యజమాని తాళం అన్నీ వచ్చాయి. అమ్మ మాత్రం క్యారియర్ దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఓటు ఎవరికి వేసేదో ఈ చర్చలో ఒక్కరూ అడగలేదు. నేను గూడూరు దగ్గరి ఒక కాంగ్రెస్ ఇంటి నుంచి పెళ్లయి ఈ ఊరు వచ్చాను. పోలింగ్ ముందురోజు రాత్రి మా మామగారు అందరినీ కూర్చోబెట్టి గుర్తు చెప్పేవారు. మేము తల ఊపేవాళ్లం. మా అత్తగారు చనిపోయే ముందు నాతో ఒక్కదానితోనే, ఆయన చెప్పిన గుర్తుకు తాను ఒక్కసారి కూడా వేయలేదని చెప్పింది. కనుక "ఇంటి రాజకీయం" అన్న మాట విన్నప్పుడల్లా, ఆ ఇంట్లో ఎవరి రాజకీయం అని అడగాలనిపిస్తుంది.

అన్నగారూ, ఇంకొక మాట. ఆ పద్దెనిమిది నెలలు మధ్యాహ్నం పూట మీరిద్దరూ ఏం తిన్నారు?

అంబత్తూరువాసి | ఆదివారం, సాయంత్రం 4.25

బడిలో తిన్నాం అమ్మా. సత్తుణవు, అదే సర్కారు మధ్యాహ్న భోజనం. ఇద్దరం సర్కారు బడిలోనే చదివాం. నేను తొమ్మిదో తరగతి, సిగ్గుపడి చివరి వరుసలో కూర్చుని తినేవాడిని. దీనికీ నా ప్రశ్నకూ సంబంధమేమిటో నాకు అర్థం కావడం లేదు.

విల్లివాక్కం గృహిణి | ఆదివారం, సాయంత్రం 5.10

సంబంధం ఉంది. పని ఇచ్చేవాడు నిలబడితేనే మిగతావారు నిలబడతారని మీ అనుభవం నేర్పిందన్నారు. పని ఇచ్చేవాడు తాళం వేసుకున్న రోజుల్లో మిమ్మల్ని నిలబెట్టింది ఒక ప్రభుత్వ పథకం. అది మీ అనుభవం లెక్కలోకి ఎందుకు రాలేదు? కామరాజుగారు 1956లో బడిపిల్లలకు భోజనం మొదలుపెట్టారు. 1982లో ఎంజీఆర్ దాన్ని ఎన్నో రెట్లు పెంచినప్పుడు ఖజానా మునిగిపోతుందని గొడవ చేసినవారున్నారు. తండ్రి పోయి, తిండికి లేక, చిన్నతనంలోనే నాటక కంపెనీలో చేరిన మనిషి ఎంజీఆర్. ఆకలి తనకు తెలుసని చెప్పేవాడు. ఖద్దరు కట్టిన కాంగ్రెస్ అభిమాని 1953లో డీఎంకేలో చేరాడు, 1972లో సొంత పార్టీ పెట్టాడు. జెండాలు మూడు మారినా ఆకలి జ్ఞాపకం మారలేదు. మీకు ఆ జ్ఞాపకం ఉంది, చివరి వరుస కూడా గుర్తుంది. రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి అది కనిపించడం లేదు.

నెల్లూరు మూలాలు | ఆదివారం, సాయంత్రం 5.30

ఒక మనిషి సిగ్గుపడి చెప్పిన విషయాన్ని వాదనకు వాడుకోవడం సరి కాదు.

విల్లివాక్కం గృహిణి | ఆదివారం, సాయంత్రం 5.42

నా పిల్లలూ అదే భోజనం తిన్నారు. నాకు అందులో సిగ్గు కనిపించదు.

గిండీ పెద్దాయన | ఆదివారం, సాయంత్రం 6.15

అమ్మాయి సరైన చోట చెయ్యి పెట్టింది. అంబత్తూరువాసిగారూ, ఇంకొక్క ప్రశ్న. ఇప్పుడు మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు?

అంబత్తూరువాసి | ఆదివారం, సాయంత్రం 6.50

పంతొమ్మిది మంది. అందరికీ ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కడుతున్నాను. దీపావళికి నెల జీతం బోనస్‌గా ఇస్తాను. ఇంతవరకు ఒక్కరికి కూడా ఒకటో తేదీ దాటి జీతం ఇవ్వలేదు.

గిండీ పెద్దాయన | ఆదివారం, రాత్రి 7.05

పంతొమ్మిది. ఇరవయ్యో మనిషి ఎందుకు లేడు?

మొగప్పేరు నివాసి | ఆదివారం, రాత్రి 7.20

ఇది మరీ అన్యాయం. అక్కరలేని మనిషిని ఎందుకు పెట్టుకుంటారు?

గిండీ పెద్దాయన | ఆదివారం, రాత్రి 7.48

ఇరవయ్యో మనిషి చేరితే భవిష్యనిధి (పీఎఫ్) చట్టం వర్తిస్తుంది. ప్రతి ఒక్కరి మూల వేతనం మీద యజమాని పన్నెండు శాతం కట్టాలి. ఈ ఊళ్లో పంతొమ్మిది దగ్గర ఆగిపోయిన వర్క్‌షాపులు నేను చాలా చూశాను. పని పెరిగినప్పుడు అక్కడికి రోజుకూలీ పేరుతో ఇద్దరు ముగ్గురు వస్తారు, వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ దగ్గర అలా లేదని చెప్పండి, నేను ఈ చర్చలోంచి తప్పుకుంటాను.

కూర్చునే చోటు మారితే చూపు మారుతుంది. దాన్ని మీరు అనుభవం అంటున్నారు. కానీ ఆ చూపు మారింది క్యారియర్ చూసిన 1993లో కాదు, లేత్ కొన్న 2009లో. పదిహేనేళ్లయిందని మీ తమ్ముడు సరిగ్గానే లెక్క కట్టాడు. ఆ క్యారియర్‌ను మీరు తరువాత వెతికి తెచ్చుకున్నారు.

అంబత్తూరువాసి | ఆదివారం, రాత్రి 8.30

మీరు నన్ను దొంగ అంటున్నారు. అవును, పని ఎక్కువైనప్పుడు ఇద్దరు రోజుకూలీకి వస్తారు. పెద్ద కంపెనీలు మాకు డబ్బు చెల్లించేది మూడు నాలుగు నెలల తరువాత. ఆలోగా ఇనుము కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి, బ్యాంకు వాయిదా కట్టాలి, పంతొమ్మిది ఇళ్లకు జీతం ఇవ్వాలి. ఒక నెల మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి జీతాలిచ్చాను. ఆ రాత్రి నేను పడిన వేదన అనుభవం కాదా? చెమట కార్మికుడికే ఉంటుందా? యూనియన్ పేరు చెప్పి నూట నలభై ఇళ్లను గేటు ముందు కూర్చోబెట్టి, చివరికి చేతులెత్తేసిన నాయకులను మీరు ఒక్క మాట కూడా అనలేదు. మా నాన్న ఎనిమిదేళ్లు రాత్రిపూట గేట్లు తెరుస్తూ మూస్తూ గడిపాడు. ఆ నాయకుల్లో ఒక్కడు వచ్చి ఎలా ఉన్నావని అడగలేదు. అంత నమ్మకంగా మాట్లాడుతున్నారు కదా, మీ పిల్లలు మీ జెండా పట్టుకున్నారా?

నిర్వాహకులు | ఆదివారం, రాత్రి 8.55

ఇద్దరూ కుటుంబాల ప్రస్తావన తగ్గించి మాట్లాడవలసిందిగా మనవి. మధ్యలో వచ్చిన ఒక దూషణ వ్యాఖ్యను తొలగించాము.

తాంబరం టీచర్ | ఆదివారం, రాత్రి 9.20

చర్చ విషయమే కుటుంబం అయినప్పుడు ఆ ప్రస్తావన రాకుండా ఎలా ఉంటుంది? అన్నగారూ, పెద్దాయనా, ఇద్దరూ ఈ రాత్రికి ఆగండి.

గిండీ పెద్దాయన | సోమవారం, ఉదయం 5.30

రాత్రంతా మేలుకొనే ఉన్నాను. అడిగారు కనుక చెబుతాను. నాకు ఒక్కడే కొడుకు. శ్రీపెరంబుదూరు వైపు ఒక కంపెనీలో మానవ వనరుల విభాగంలో అధికారి. అక్కడ యూనియన్ పెట్టడానికి ప్రయత్నించిన కుర్రవాళ్లను పిలిచి మాట్లాడి మానిపించడం వాడి ఉద్యోగంలో ఒక భాగం. నా యూనియన్ చందా పుస్తకాలు వాడి చదువు బల్ల మీదే ఉండేవి. ఆ చందా డబ్బుతో కాదు గానీ, ఆ యూనియన్ సాధించిన జీతంతోనే వాడు ఎంబీఏ చదివాడు. ఒకసారి నిలదీస్తే, "నాన్నా, నువ్వు గేటు బయట నిలబడిన సమ్మెల్లో అమ్మ ఏడుపు వింటూ నేను లోపల ఉన్నాను" అన్నాడు. నాలుగేళ్లుగా మా మధ్య కుశల ప్రశ్నలు తప్ప మాటలు లేవు.

కనుక అభిప్రాయం మారకూడదని నేను అనడం లేదు. తిన్న అన్నం ఎవరు పెట్టారో మరచిపోయి మారడం నేను ఒప్పుకోలేను. నా కోపమంతా దాని మీదే. మొదటిరోజే ఇది చెప్పి ఉండవలసింది, తాళం దగ్గర మొదలుపెట్టాను.

నెల్లూరు మూలాలు | సోమవారం, ఉదయం 7.10

అయితే ఇది రాజకీయాల చర్చ కాదు, రుణం చర్చ. ఒకరి సాయంతో పెరిగినవాడు వారి జెండాకు జీవితాంతం కట్టుబడి ఉండాలా? అలాగైతే సుందరయ్యగారు తమను పెంచిన భూమికి కట్టుబడి ఉండవలసింది. ఆయన ఆస్తినే వదులుకున్నారు.

గిండీ పెద్దాయన | సోమవారం, ఉదయం 7.25

ఆయన వదులుకుని మారారు. సంపాదించుకుని మారడం వేరు.

నెల్లూరు మూలాలు | సోమవారం, ఉదయం 7.40

అంటే నష్టపోయి మారినవాడి అభిప్రాయమే నిజాయితీ గలదా? బాగుపడినవాడు ఏమన్నా స్వార్థమేనా? దీన్ని నేను ఒప్పుకోను. పేదరికం నుంచి ఒక అడుగు పైకి వేసిన ప్రతివాడి నోరూ మూయించే మాట ఇది.

అంబత్తూరువాసి | సోమవారం, రాత్రి 10.40

పెద్దాయనగారూ, నిన్న రాత్రి మీ పిల్లల మాట ఎత్తినందుకు క్షమించండి.

ఈ రోజు పని ముగించుకుని విల్లివాక్కంలో తమ్ముడి ఇంటికి వెళ్లాను. అమ్మ అక్కడే ఉంటోంది. తాంబరం టీచరుగారు చెప్పినట్టు, వాడికి ఏం గుర్తుందని అడిగాను. ప్రతి ఆదివారం ఇద్దరు మనుషులు సైకిల్ మీద వచ్చి, నాలుగు కిలోల బియ్యం గుమ్మం పక్కన పెట్టి, అమ్మ లోపలి నుంచి వచ్చేలోగానే వెళ్లిపోయేవారట. వాడి నాలుగో తరగతి పుస్తకాలు యూనియన్ చందాలతో కొన్నవట. నాకు ఇవేవీ తెలియవు, ఎందుకంటే ఆదివారాలు నేను పాడి అనే పేట దగ్గర సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడిని. ఎప్పుడో ఒకప్పుడు నాకు చెప్పి ఉండవలసిందని అంటే, "నువ్వు నూనె చేతులతో వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడివి, నాకు నిన్ను చూస్తే భయంగా ఉండేది" అన్నాడు.

విల్లివాక్కం చెల్లెమ్మ అడిగిన ప్రశ్న అమ్మను అడిగాను. తమ్ముడు కూడా విన్నాడు. ఎంజీఆర్ పార్టీ రెండాకుల గుర్తు ఓటు కాగితం మీద కనిపించిన ప్రతిసారీ దానికే వేశానని చెప్పింది. నాన్నకు తెలుసా అని అడిగితే, "మీ ఇద్దరూ మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారో ఆయనకు తెలుసు కదా" అంది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి లెక్కలో అమ్మ మొదటి నుంచీ ఎర్రజెండా మనిషి.

నా అభిప్రాయం మారలేదు. పని ఇచ్చేవాడి కష్టం నిజమని ఇప్పటికీ అంటాను, రేపు ఎన్నికలు వచ్చినా నా ఓటు మారుతుందని చెప్పలేను. కానీ పద్దెనిమిది నెలలూ సమ్మె అని రాసింది నా తప్పు. గేటుకు నోటీసు అంటించిన రోజు నాన్న దాన్ని పెన్సిల్‌తో నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు. ఆ పుస్తకం తమ్ముడి దగ్గర ఉంది, ఈ రోజు చూశాను. సమ్మె ముప్పై ఏడు రోజులు.

విల్లివాక్కం గృహిణి | సోమవారం, రాత్రి 11.05

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి అన్నగారూ. మీరు మా వీధికి ఇంత దగ్గరగా వచ్చి వెళ్లారని తెలిస్తే కాఫీ ఇచ్చేదాన్ని.

గిండీ పెద్దాయన | మంగళవారం, ఉదయం 5.45

ముప్పై ఏడు రోజులని ఒప్పుకున్నందుకు సంతోషం. ఆ పుస్తకం జాగ్రత్తగా దాచండి. నిన్న సాయంత్రం నేను మా అబ్బాయికి ఫోన్ చేశాను. పనిలో ఉన్నానని, ఆదివారం వస్తానని అన్నాడు.

రోజుకూలీకి వచ్చే ఆ ఇద్దరి సంగతి మీరు ఇంకా చెప్పలేదు.